ఒకరి బిళ్ళ ఇంకొకరు

మంగళవారం పొద్దున మబ్బు బాగా కిందికి దిగి ఉంది. ఆషాఢపు గాలి దాన్ని నిలవనీయకుండా తూర్పుకు తోలుతోంది. ఒక్క చుక్క రాలలేదు. బంగారు గని వదిలిన సైనైడ్ దిబ్బల మీది దుమ్ము మాత్రం లేచి, మబ్బుకూ నేలకూ నడుమ బూడిదరంగున నిలబడింది. మారికుప్పంలో గని కూలీల లైను ఇళ్ళ ముందర ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు దులిపి లోపలికి తీసుకుపోతున్నారు.

తిమ్మరాయప్ప గడప మీద కూర్చుని ఆ ఫారాన్ని ఇంకోసారి చదివాడు. బెంగళూరులోని సినీ రచయితల సంఘం నుంచి నిన్నటి టపాలో వచ్చింది. డెబ్బై దాటిన కథా రచయితలకూ మాటల రచయితలకూ సంఘం ఈ ఏడు సన్మానం చేస్తోంది. తన పేరు కూడా చూడమని అతను రెండు నెలల కిందట ఉత్తరం రాశాడు. దానికి జవాబు ఈ ఫారం. తెర మీద పేరు పడనివాళ్ళు, తమతో కలిసి పనిచేసిన రచయిత ఒకరి చేత కింద సంతకం చేయించి పంపాలి. ఫారానికి నంబరుంది, సంఘం ముద్ర ఉంది. జిరాక్సు చెల్లదు. శుక్రవారం సాయంత్రం అయిదుకు ఆఫీసుకు చేరాలి.

పై ఖాళీలన్నీ నింపాడు. పేరు మూడు చోట్ల అడిగారు, మూడు చోట్లా రాశాడు. మీరు రాసిన దృశ్యం ఒకటి రాయండి అన్నచోట చిన్న అక్షరాలతో ఒక దృశ్యం రాశాడు. కింది చోటు మిగిలింది. అక్కడ సంతకం చేయగల మనిషి ఒక్కడే ఉన్నాడు. వాదిరాజ. హాజరు వేసే గని టైమాఫీసులో అతని పక్క బల్ల మనిషి. తర్వాత మద్రాసు పోయి పెద్ద రచయిత అయినవాడు. ఇప్పుడు మాలూరులో కూతురి ఇంట్లో ఉన్నాడు. ఈ ఏటి సన్మానాల్లో పెద్దది ఆయనకేనని పేపర్లో పడింది.

మునివెంకటమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి మొగుడి పక్కన పెట్టింది.

"పోయేదేనా?"

"పోతాను."

"ఆయప్ప చేసిస్తాడా?"

"ఎందుకు చెయ్యడు? పక్కపక్కన కూర్చోని పనిచేసినోళ్ళం."

ఆమె ఇంకేమీ అనలేదు. తాను మాటలు రాశానని అతను చెప్పిన గని సినిమా రాబర్ట్‌సన్‌పేట టాకీసుకు వచ్చినప్పుడు ఆమెను తీసుకుపోయి, తెర మీద పేర్లు పడే వేళకు "చూడు" అని మోచేత్తో పొడిచాడు. పేర్లన్నీ పోయి బొమ్మ మొదలైంది. ఆ రోజూ ఆమె ఏమీ అనలేదు. ముప్పై అయిదేళ్ళుగా అనలేదు. దానికన్నా నువ్వు అబద్ధం చెప్పావు అని ఉంటే బాగుండేదని అతనికి చాలాసార్లు అనిపించింది.

స్టేషను ముందర టీ అంగట్లో బచ్చప్ప అతన్ని చూడగానే గ్లాసు కడగడం మొదలుపెట్టాడు.

"ఏం డైలాగు తాతా, యాడికి? మద్రాసుకా?"

"మాలూరికి."

"మాలూర్లో ఇటికెల బట్టీలే గదా ఉండేది. ఇటికెలకు డైలాగులు రాస్తావా?"

బెంచీ మీది వాళ్ళు నవ్వినారు. గనులు మూతపడి రెండేళ్ళు. బెంచీ పొద్దంతా నిండుగానే ఉంటుంది. అంగడి పక్కన గంపలో వేరుశనక్కాయలు పెట్టుకున్న తాయమ్మ మాత్రం నవ్వలేదు.

"నీకు శాలువా కప్పితే నాకు సగం చించియ్యప్పా. ఆ మాట నాది గదా."

ఇది తాయమ్మ ఎప్పుడూ అనేదే. ఏ మాటో బెంచీకి తెలియదు గనుక దానికీ నవ్వినారు. తిమ్మరాయప్పకు తెలుసు. అతను టీ సగంలో వదిలి బండెక్కాడు.

మాలూరులో ఇల్లు కనుక్కోవడానికి గంట పట్టింది. ఫ్యాక్టరీ బస్సులు తిరిగే రోడ్డు వెనక కొత్త కాలనీ. తలుపు తీసినావిడకు యాభై ఉంటాయి. ముక్కు చూడగానే వాదిరాజ కూతురని తెలిసింది. పేరు వత్సల.

"ఎవరు కావాలి?"

"వాదిరాజ సామి. కేజీఎఫ్ నుంచి వచ్చినాను తల్లీ. తిమ్మరాయప్ప. టైమాఫీసు తిమ్మ అంటే తెలుస్తాది."

"నాన్న పడుకున్నారు. పేపర్లో పడినప్పటి నుంచి దినానికి ఇద్దరు ముగ్గురు వస్తానే ఉన్నారు. ఏం కావాలో చెప్పండి."

"ఒక సంతకం."

"అందరికీ ఏదో ఒకటి కావాలి" అంది కోపం లేకుండానే. "కూర్చోండి. కాఫీ తాగి వెళ్దురు."

అతను వరండా మెట్టు మీద కూర్చున్నాడు. మూలలో బోర్లించి ఉన్న స్టీలు లోటాను ఆమె కడిగి, లోపలి నుంచి తెచ్చిన కాఫీ అందులో పోసి పిట్టగోడ మీద పెట్టింది. తాగాక అతనే కొళాయి దగ్గర లోటా కడిగి, మళ్ళీ అదే మూలలో బోర్లించాడు. ఒకరు చెప్పవలసిన పని లేదు.

లోపల చెప్పుల చప్పుడయింది. పొడుగాటి మనిషి తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తెల్లటి బనియను, భుజం మీద తువ్వాలు. జుట్టు ఒక్క వెంట్రుక రాలలేదు. తిమ్మరాయప్పను కిందినుంచి పైకి చూశాడు.

"ఏ షిఫ్టు?"

తిమ్మరాయప్ప లేచాడు. "సామీ, నేను..."

"ఏ షిఫ్టు అంటే చెప్పవేం?"

"జనరలు సామీ."

"బిళ్ళ తెచ్చినావా?"

వత్సల తండ్రి మోచెయ్యి పట్టుకుంది. "నాన్నా, లోపలికి రండి."

"బిళ్ళ లేకుండా వీణ్ణి దింపొద్దు. నా ఉద్యోగం పోతాది" అంటూ ఆయన లోపలికి నడిచాడు.

తలుపు దగ్గరగా వేసి ఆమె తిరిగి వచ్చినప్పుడు మొహం మారి ఉంది. పిట్టగోడకు ఆనుకుని కాసేపు రోడ్డు చూసింది.

"రెండేళ్ళయింది. సినిమాలు రాసినట్టే గుర్తు లేదు. పోస్టరు చూపిస్తే ఎవరిదిది అంటారు. గని మాత్రం మిగిలింది. ఎవరితోనూ అనకండి. ఆదివారం సన్మానంలో ఆయన్ని స్టేజీ మీద నిలబెట్టాలని ఉంది నాకు. ఒక్కసారి."

తిమ్మరాయప్ప ఊ అన్నాడు. తన చేతిలోని ఫారం చివర గాలికి కొట్టుకుంటోంది.

"అయిదు నిమిషాలు మాట్లాడమంటున్నారు. కాగితం చేతిలో పెడితే చదువుతారు, గొంతు అట్లాగే ఉంది. రాసేవాళ్ళే లేరు. నేను రాస్తే ఫ్యాక్టరీ మెమో మాదిరి వస్తోంది." ఆమె అతని వైపు తిరిగింది. "నాన్నతో టైమాఫీసులో ఉన్నవారు కదా. ఆయన మాట్లాడే తీరు మీకు తెలుసా?"

అతను నవ్వలేదు. "తెలుసు తల్లీ."

"రాసిస్తారా?"

"రాసిస్తాను. దీంట్లో సంతకం పెట్టించల్ల."

ఆమె ఫారం తీసుకుని చదివింది. అతని చొక్కా చూసింది, చెప్పులు చూసింది.

"ఎన్ని సినిమాలకు?"

"పది పన్నెండు."

"సరే" అంది. ఆ సరేలో నమ్మకం లేదు. చిన్నపిల్లవాడు చెప్పింది విన్నట్టు ఉంది. "గురువారం రండి. చెయ్యి బాగానే తిరుగుతుంది. పెన్షన్ కాగితాల మీద చేస్తారు."

బుధవారం పొద్దున తిమ్మరాయప్ప ట్రంకుపెట్టె అడుగు నుంచి పాత హాజరు ఫారాల కట్ట తీశాడు. ఒకపక్క గీతలూ నంబర్లూ, రెండోపక్క తెల్లగా ఉంటాయి. అప్పుడూ వాటి వీపు మీదే రాసేవాడు. పెన్సిలు బ్లేడుతో చెక్కి, మొన నాలుక మీద తడిపి, వాకిట్లో పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

చెయ్యి తడబడుతుందనుకున్నాడు. తడబడలేదు. వాదిరాజ ఊపిరి అతనికి తెలుసు. మూడు మాటలు, ఆగడం. రెండు మాటలు, ఆగడం. ఆపైన ఒక పొడుగాటి వాక్యం ఏకబిగిన. ఒక్కో వాక్యం రాసి పెదాల మీదే చెప్పుకుని చూశాడు. 'నేను రాసింది తక్కువ. విన్నది ఎక్కువ. భూమి లోపలికి దిగేవాళ్ళు గట్టిగా మాట్లాడరు, కాబట్టి చెవి పెట్టి వినడం అక్కడ నేర్చుకున్నాను.' ఎనిమిది గంటలకు మొదలుపెడితే పదిన్నరకు రెండు కాగితాలు నిండాయి.

కాగితం నెత్తిన తన పేరు రాసి ఉండటం అప్పుడు చూసుకున్నాడు. పాత అలవాటు. ఆ రోజుల్లో ప్రతి కాగితం పైనా రాసేవాడు. పక్క బల్ల నుంచి వాదిరాజ చెయ్యి చాచి కాగితం అందుకుని, చదివి, ఆ పేరు మీద ఏటవాలుగా ఒక గీత గీసి, పైన తన పేరు పెట్టేవాడు. మూడు మడతలు పెట్టి ఇచ్చేవాడు. మద్రాసు బండి గార్డు చేతికి ఇచ్చి రావడం తిమ్మ పని. 'రెండు పేర్లుంటే మద్రాసోళ్ళు చదవరు తిమ్మా. ముందు ఇది కానీ. తర్వాత చూద్దాం.'

రబ్బరుతో పేరు చెరిపాడు. రెండో కాగితం చివర కొంచెం చోటుంది. అక్కడ ఇంకో వాక్యం రాశాడు.

'నా మాటల్లో సగం నా పక్క బల్ల తిమ్మరాయప్పవి.'

రాసి, పెన్సిలు పక్కన పెట్టాడు. ఆదివారం మైకులో ఆ గొంతు ఈ మాట చెబుతుంది. సోమవారం పేపర్లో వస్తుంది. బచ్చప్ప అంగట్లో ఆ పేపరు బెంచీ మీద చేతులు మారుతుంది. పైగా ఇది అబద్ధం కాదు. అతను లేచి ఇంటి వెనక దాకా పోయి వచ్చాడు.

తిరిగి వచ్చి కూర్చున్నాక, వాదిరాజ చెప్పవలసిన ఆ వాక్యం తన రాతలోనే ఉంది.

ముప్పై రెండేళ్ళు అతను కూర్చున్న కిటికీ పక్క గోడ మీద ఒక రూలు నాలుగు భాషల్లో రాసి ఉండేది. ఒకరి బిళ్ళ ఇంకొకరు వేయరాదు. షాఫ్టులోకి దిగే ప్రతివాడూ తన నంబరు ఇత్తడి బిళ్ళ కిటికీలో ఇచ్చి దిగాలి. దాన్ని బోర్డు మీది మేకుకు తగిలించడం తిమ్మరాయప్ప పని. పైకి వచ్చినవాడు తన బిళ్ళ తాను తీసుకుపోతాడు. బోర్డు మీద మిగిలిన బిళ్ళ లోపల మిగిలిన మనిషి. ఒకసారి ఒక అన్న, తాగి పడుకున్న తమ్ముడి బిళ్ళ కూడా వేశాడు. ఆ రోజే లోపల రాళ్ళు కూలాయి. దిగని మనిషి కోసం నలుగురు రెండు దినాలు తవ్వారు. ఆ అన్నను పట్టిచ్చింది తిమ్మరాయప్పే. కాళ్ళు పట్టుకున్నా వినలేదు.

ఆ కూలడంలోనే నాలుగువందల పదిహేడో నంబరు మేకు మీద మిగిలిపోయింది. సొన్నప్పది. మూడో రోజు అతని పెళ్ళాం తాయమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. "మనిషినియ్యలేకపోతే పాయె సామీ, ఆయన నంబరన్నా ఇయ్యి" అంది. బిళ్ళ ఇవ్వడానికి రూలు లేదు. అతను లేచి బోర్డును గోడ వైపు తిప్పాడు. ఆమె పోయాక హాజరు ఫారం తిరగేసి అదంతా రాశాడు. సినిమాలో హీరోయిన్ ఆ మాట అన్నప్పుడు టాకీసంతా ఏడ్చింది. తాయమ్మ కూడా అక్కడే ఉంది. వాదిరాజకు పేరు తెచ్చింది ఆ దృశ్యమే. ఫారంలో చిన్న అక్షరాలతో అతను రాసిందీ అదే.

పెన్సిలు తీసి ఆఖరి వాక్యం మీద ఏటవాలుగా ఒక గీత గీశాడు.

మునివెంకటమ్మ చాటలో ఉలవలు ఏరుతూ అటే చూస్తోంది. ఆమెకు చదువు రాదు.

"ఆ గీత ఎందుకు?"

"ఆ మాట ఆయప్పే చెప్పల్ల. నేను రాయగూడదు."

"ఆయప్పకు మతి లేదంటివి గదా. ఇంగ యాడ చెప్తాడు?"

అతను కొత్త కాగితాలు రెండు తీసి, ఆ వాక్యం లేకుండా సిరాతో మొత్తం తిరగరాశాడు. అయ్యేసరికి మధ్యాహ్నమయింది.

గురువారం ఆమె చీకటితోనే లేచి రాగి సంగటి కెలికింది. రెండు ముద్దలు చేసి క్యారియరు కింది గిన్నెలో పెట్టి, పై గిన్నెలో ఉల్లిగడ్డ, వెల్లుల్లి వేసిన ఉలవపులుసు పోసింది. "తిరుగు బండి సాయంత్రం గానీ లేదు. స్టేషన్లో కూర్చోని తిను" అంది. క్యారియరు అందిస్తూ ఒక్క నిమిషం చెయ్యి వదల్లేదు.

వత్సల ఈసారి అతన్ని గడప లోపలికి పిలిచింది. వాదిరాజ హాల్లో కుర్చీలో ఉన్నాడు. ముందర చిన్న బల్ల. తిమ్మరాయప్ప క్యారియరు గోడవారన పెట్టి, దాని పక్కన నేల మీద కూర్చున్నాడు. పైన కూర్చోమని ఆమె అనలేదు, అతనూ చూడలేదు.

ఆమె రెండు కాగితాలు తండ్రి చేతికిచ్చింది. "నాన్నా, ఇది చదవండి."

వాదిరాజ అద్దాలు సర్దుకుని మొదలుపెట్టాడు. మొదటి వాక్యం దగ్గరే గొంతు నిలదొక్కుకుంది. మూడు మాటలు, ఆగాడు. రెండు మాటలు, ఆగాడు. పొడుగాటి వాక్యం ఏకబిగిన లాగి, ఊపిరి అయిపోయే చోటికి చుక్క సరిగ్గా అందింది. తిమ్మరాయప్ప తల వంచుకుని విన్నాడు. తన మాటలు ఆ గొంతులో ఎప్పుడూ తనకన్నా బాగుండేవి.

చదవడం అయ్యేసరికి వత్సల కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"నాన్నే మాట్లాడినట్టుంది. ఇది ఆయన రాసింది కాదంటే నేనే నమ్మను" అంది.

తిమ్మరాయప్ప చొక్కా జేబులోంచి ఫారం తీసి ఇచ్చాడు.

ఆమె దాన్ని బల్ల మీద పరిచి, కింది చోటు మీద వేలు పెట్టింది. "ఇక్కడ సంతకం చేయండి నాన్నా."

వాదిరాజ పెన్ను తీసుకున్నాడు. కింద చూడలేదు. కాగితం అంచును బల్ల అంచుకు సమంగా జరిపాడు. ఎడమ అరచేత్తో మధ్యలో ఒకసారి చదును చేశాడు. తల కాస్త పక్కకు వంచి, చిన్న అక్షరాల దృశ్యం దగ్గర మొదలుపెట్టి చదవసాగాడు. పెదాలు కదులుతున్నాయి. ఒకచోట ఆగి, పైకి చదివాడు.

"మనిషినియ్యలేకపోతే పాయె సామీ, ఆయన నంబరన్నా ఇయ్యి."

పెన్నుతో బల్లను రెండుసార్లు తట్టాడు.

"ఇది బాగుండాది. ఇది ఉంచుతాం."

తర్వాత పెన్ను కాగితం నెత్తికి పోయింది. తిమ్మరాయప్ప అన్న పేరు మీద కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా ఒక గీత గీశాడు. పైన, వా దీర్ఘం పొడుగ్గా లాగి, వాదిరాజ అని రాశాడు. రెండో చోట పేరు వెతికి పట్టుకుని గీశాడు, రాశాడు. మూడో చోట కూడా. ఎక్కడా తడుముకోలేదు. అడుగున సంతకం చేసి తేదీ దగ్గర ఆగి, అది వదిలేశాడు. కాగితాన్ని మూడు మడతలు పెట్టి, గోటితో మడత నొక్కి, కుర్చీలోంచి వంగి కింద కూర్చున్నవాడి ముందుకు చాచాడు.

"మద్రాసు బండి గార్డుకిచ్చి రా తిమ్మా. జాగు చేయొద్దు."

తిమ్మరాయప్ప రెండు చేతులతో అందుకున్నాడు.

"అట్లే సామీ" అన్నాడు.

వత్సల చెయ్యి చాచింది. అతను ఫారం ఇచ్చాడు. ఆమె మడతలు విప్పి, మూడు గీతలూ చూసింది. బల్ల మీది ఉపన్యాసం కాగితాలు చూసింది. మళ్ళీ గీతలు చూసింది. ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి సంతకాలు సరిచూసిన మనిషి ఆమె. ఒక చెయ్యి మొదటిసారి చేసే పనికీ వందసార్లు చేసిన పనికీ తేడా ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఇంకో ఫారం..."

"లేదు తల్లీ. నంబరు పడిందే చెల్లేది. రేపే ఆఖరు."

"నేను సంఘానికి ఫోను చేస్తాను."

"ఏమని చేస్తావమ్మా?"

ఆమె నోరు తెరిచింది. చెప్పవలసిన మాటలు రెండు. ఒకటి, నాన్నకు మతి లేదు. రెండోది, ఈ గీతలు నాన్నకు పాత అలవాటు. రెండింట్లో ఏదీ బయటికి రాలేదు. టెలిఫోను గూట్లో ఉంది. ఆమె దాని వైపు చూసి, నేల మీద, తిమ్మరాయప్పకు ఎదురుగా కూర్చుంది.

"ఆదివారం నాన్న చేత ఇది చదివించమంటారా?"

బయట ఫ్యాక్టరీ బస్సు ఒకటి ఆగి పోయింది.

"చదవనియ్యి తల్లీ. ఊపిరి సరిపోయింది ఆయప్పకు."

ఆమె తల ఆడించింది. ఫారాన్ని మళ్ళీ మూడు మడతలు పెట్టి ఇచ్చింది. అతను జేబులో పెట్టుకుని, లేవడానికి నేలకు చెయ్యి ఆనించాడు.

వాదిరాజ అతనికన్నా ముందు కుర్చీలోంచి లేచాడు. గోడ పట్టుకుని నడిచి వచ్చి, క్యారియరు ముందర చతికిలబడ్డాడు. కొక్కెం తీశాడు. మూత తీయగానే వెల్లుల్లి వాసన హాలంతా నిండింది. ఆ ఇంట్లో ఉల్లిగడ్డ కూడా వండరు. టైమాఫీసులో మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే ఆయన ఇంటి నుంచి వచ్చిన చిత్రాన్నం పక్కన పెట్టి, ఇట్లాగే చెయ్యి చాచేవాడు.

"నాన్నా" అని వత్సల సగంలో ఆగిపోయింది.

వాదిరాజ ఒక ముద్దను సరిగ్గా సగానికి విరిచి, పెద్ద సగం తన ముందర పెట్టుకున్నాడు. ఆమె లేచి లోపలికి పోయి, మూడు కంచాలు తెచ్చింది. మూడూ ఒక్క తీరువే. నేల మీద వరసగా పెట్టింది. తండ్రి పక్కన తిమ్మరాయప్పకు, అతని పక్కన తనకు. రెండు ముద్దలనూ ముగ్గురికీ సర్దింది. పులుసు పోసింది.

వాదిరాజ చిన్న ఉండ చేసి, పులుసులో ముంచి, నోట్లో వేసుకుని మింగాడు. తిమ్మరాయప్పా అట్లాగే మింగాడు.

వత్సల సంగటి ఎప్పుడూ తినలేదు. వాళ్ళ వేళ్ళు చూస్తూ ఉండ చేసింది, ముంచింది, నోట్లో పెట్టుకుంది. పళ్ళకు అంటుకుంటుంటే మెల్లగా నమలసాగింది. సంగటి నమలగూడదని ఇద్దరిలో ఒకరూ చెప్పలేదు.